రాజ్మా వేస్తే అది చిల్లీ కాదా?

ప్రశ్న: అక్కా, మేం టెక్సస్‌లో డాలస్ పక్కన ఉంటాం. మావారి ఆఫీసులో చిల్లీ (మాంసం, మిర్చి వేసి చిక్కగా ఉడికించే ఇక్కడి కూర) పోటీ పెడితే నెట్‌లో చూసి మొదటిసారి చేశా. బీఫ్ తినం కాబట్టి మటన్ ఖీమా, టమాటా, రాజ్మా వేసి, రెసిపీలో చిల్లీ పౌడర్ మూడు టేబుల్‌స్పూన్లు అని ఉంది కదా అని అమ్మ గుంటూరు నుంచి పంపిన కారం మూడు స్పూన్లూ కుమ్మరించేశా. ఒకాయన నోట్లో పెట్టుకుని నీళ్లకి పరిగెత్తాడు, ఇంకొకాయనేమో కారం సంగతి వదిలేసి రాజ్మా చూసి ఇది చిల్లీయే కాదు పొమ్మన్నాడు! మా పక్కింటి ఒహాయో ఆవిడ మాత్రం బీన్స్ లేకపోతే అదేం చిల్లీ అంటుంది. ఎవరిది రైటు? సగం గిన్నె ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది.

జవాబు: నవ్వాగట్లేదు చెల్లీ, ఏమనుకోకు. ముందు కారం సంగతి చెప్తా. అక్కడ డబ్బా మీద చిల్లీ పౌడర్ అని ఉండేది మన కారం కాదు, ఘాటు లేని ఎండుమిర్చి పొడిలో జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో కలిపిన మసాలా, మన సాంబారు పొడి టైపు అనుకో. అందులో ఎక్కువగా వాడే యాంచో అనే మెక్సికన్ ఎండుమిర్చి ఘాటు, స్కోవిల్ అనే కారం కొలత లెక్కలో 1000, 1500 దగ్గరే ఆగిపోతుంది, గుంటూరు సన్నం 30,000 పైమాటే. పాపం ఆయన నీళ్లకి పరిగెత్తడా మరి!

ఇక రాజ్మా గొడవ. చిల్లీ కాన్ కార్నే అంటే స్పానిష్‌లో మాంసంతో మిర్చి అని, పేరులో బీన్స్ లేవు. 1977లో టెక్సస్ దాన్ని రాష్ట్ర వంటకంగా ప్రకటించుకుంది కూడా. టెర్లింగ్వా అనే ఎడారి ఊళ్లో 1967లో మొదటి పోటీ పెట్టి డాలస్ జర్నలిస్టు విక్ ఫౌలర్‌కీ, న్యూయార్క్ రచయిత హెచ్. అలెన్ స్మిత్‌కీ మధ్య ఎవరి చిల్లీ గొప్పో తేల్చుకోమంటే చెరో ఓటు పడింది, మూడో జడ్జి నా నాలుక పనిచేయట్లేదని చేతులెత్తేశాడు. ఇప్పటికీ అక్కడి పోటీల్లో బీన్స్, పాస్తా, అన్నం వేస్తే ఒప్పుకోరు. మీ ఒహాయో ఆవిడని మాత్రం తప్పుపట్టకు, వాళ్ల సిన్సినాటిలో 1922లో మాసిడోనియా నుంచి వచ్చిన అన్నదమ్ములు దాల్చినచెక్క అదీ వేసి చేసిన చిల్లీని స్పఘెట్టీ మీద పోసి అమ్మారు, దాని మీద బీన్స్, ఉల్లి, చీజ్ వేయించుకుని లొట్టలేస్తారు. మనింట్లో పప్పుచారుకీ సాంబారుకీ కొట్టుకోమూ?

నన్నడిగితే పోటీకి రాజ్మా వద్దు, ఇంట్లో నీ ఇష్టం. అసలు లోపం రాజ్మాది కాదు, పొడితో చేయడంది. ఈసారి మెక్సికన్ షాపులో యాంచో ఐదు, గ్వాహీయో అనే ఇంకో రకం ఎండుమిర్చి మూడు కొను. గింజలు దులిపి పెనం మీద వాసన వచ్చేదాకా వేయించు, నల్లబడితే చేదే ఇక. వేణ్ణీళ్లలో 20 నిమిషాలు నాననిచ్చి మెత్తగా రుబ్బు. ఖీమా కాకుండా మటన్ భుజం ముక్కలు చిన్నగా కొట్టించి, ఎర్రగా వేయించి, ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర పొడి, ఈ ముద్ద వేసి సన్నమంట మీద రెండు గంటలు వదిలెయ్. చివర్లో మాసా అనే మొక్కజొన్న పిండి ఒక స్పూను నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది (తెల్ల కార్న్‌ఫ్లోర్ కాదు, జిగురొస్తుంది). ఇక్కడ మన ఊళ్లలో చేసుకునేవాళ్లు బ్యాడగి మిర్చి వాడుకోండి, రంగుకి రంగు, ఘాటూ తక్కువ.

రాజ్మా వేసేట్టయితే నానబెట్టి కుక్కర్‌లో ఉడికించాకే చివర్లో వెయ్. పచ్చివి స్లో కుక్కర్‌లో (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్) పడేసి ఆఫీసుకెళ్లిపోవద్దు, ఆ వేడికి వాటిలో విషం పోదు, వాంతులవుతాయి.

ఫ్రిజ్‌లోది పారేయకు, అంత కారం ఇక అమెరికా వాళ్లకి పెట్టకు. దోసె మీద పలచగా రాసి పైన ఒక గుడ్డు కొట్టి మీవారికి పెట్టు, పెరుగు పక్కనుంచుకోమని చెప్పు.