మొదటి వేట తుపాకీకి 1,100 డాలర్లు పెట్టాలా?

ప్రశ్న: మేం ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటాం. నాకు 36 ఏళ్లు, గ్రీన్‌కార్డు ఉంది. ఆఫీసులో తోటివాళ్లతో కలిసి వచ్చే జనవరిలో మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు కూరే తుపాకీ) సీజన్‌లో జింకల వేటకు వెళ్లాలని ఉంది. ఇంతవరకు తుపాకీ పట్టింది లేదు. వాళ్లు చెప్పిన రైఫిల్, గురి చూసే దుర్బీను (స్కోప్) కలిపి 1,100 డాలర్లు. షాపులో స్టోర్ కార్డు తీసుకుంటే 12 వాయిదాల్లో కట్టొచ్చంటున్నారు. ఇప్పటికే క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీకి 2,800 డాలర్ల బాకీ ఉంది. ఒక సహోద్యోగి తన పాత మజిల్‌లోడర్ 150కి ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ స్టోర్ కార్డు ఫారం చించేయండి. 2,800 మీద 24 శాతమంటే నెలకు 56 డాలర్లు, ఏడాదికి దాదాపు 670. మీరు మొదటి ఏడాది వేటకు పెట్టాల్సిన డబ్బు మొత్తం అంతకంటే తక్కువే. ఎలాగో చెప్తాను.

నేను వేటగాణ్ని కాను. డబ్బు సలహాలకు నా దగ్గరికి వచ్చే క్లయింట్లలో వేటకు వెళ్లేవాళ్లు కొందరున్నారు, వాళ్ల ఖర్చుల లెక్కలు చూసి నేర్చుకున్నదే ఎక్కువ. ఇంకో అర్హత కూడా ఉంది లెండి. కొత్త మేనేజరు గోల్ఫ్ ఆడతాడని ఒకప్పుడు 900 డాలర్లు పోసి గోల్ఫ్ కిట్ కొన్నాను. ఆయన వేరే కంపెనీకి వెళ్లిపోయాడు, కిట్ మాత్రం ఇంకా గ్యారేజీలోనే ఉంది.

మజిల్‌లోడర్ అంటే మన ఊళ్లలో నాటు తుపాకీ అంటామే, అదే సూత్రం. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండు దించి, కడ్డీతో కూరాలి. ఇప్పుడు షాపుల్లో దొరికే ఇన్‌లైన్ రకాల్లో వెనకవైపు మందును అంటించే చిన్న టోపీ (209 ప్రైమర్) పెడతారు, మందు బిళ్లల రూపంలో వస్తుంది. అంతే తేడా. మొదటి తుపాకీగా ఇది డబ్బు లెక్కలో కూడా మంచిదే. ఒహాయోలో జనవరి మజిల్‌లోడర్ సీజన్ 4 రోజులే. అయితే థాంక్స్‌గివింగ్ తర్వాత సోమవారం మొదలయ్యే 7 రోజుల గన్ సీజన్‌లోనూ ఇదే తుపాకీ వాడుకోవచ్చు. తూటాల రైఫిల్ కొన్నారనుకోండి, అది జనవరిలో పనికిరాదు.

ఇది ఒహాయో సంగతి. పక్కనే ఉన్న పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే సీజన్‌లో చెకుముకి రాయితో పేలే ఫ్లింట్‌లాకే వాడాలి, ఇన్‌లైన్ పట్టుకెళ్తే కుదరదు. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో స్కోపూ ఒప్పుకోరు, బిళ్లల మందూ ఒప్పుకోరు. ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్లే ఆలోచన ఉంటే ఖరీదైన సెట్ కొనకపోవడానికి ఇదొక్కటి చాలు.

ఇక లెక్క. .50 క్యాలిబర్‌లో (అంటే గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం) సీవీఏ వోల్ఫ్, ట్రెడిషన్స్ బక్‌స్టాకర్ లాంటివి ఇంచుమించు 250 నుంచి 300 మధ్య దొరుకుతాయి. ఆ పైమెట్టు సీవీఏ ఆప్టిమా 400 అటూఇటూ. వోల్ఫ్‌లో వెనక బిగించే బ్రీచ్ ప్లగ్ పనిముట్లేవీ లేకుండా చేత్తోనే విప్పొచ్చు. తుపాకీ కడిగే రోజున దీని విలువ తెలుస్తుంది. 280 డాలర్ల తుపాకీ తీసుకున్నారనుకుందాం. 100 మందు బిళ్లలు 45, గుండ్లు 35, ప్రైమర్లు 15, క్లీనింగ్ సామాను 30, ఆరెంజ్ వెస్టు 15, వేట లైసెన్సు 19, జింక పర్మిట్ 31. మొత్తం 470. షాపును బట్టి ఓ పదీ పాతికా తేడా రావొచ్చు. గన్‌కు వేసే కేబుల్ తాళం చాలాచోట్ల పోలీసులే ఉచితంగా ఇస్తారు, అడగండి. ఇంట్లో పిల్లలుంటే ఆ ఒక్క తాళంతో ఊరుకోకండి, బీరువాకు కూడా తాళం ఉండాలి. మందు దాని డబ్బాలోనే, పొయ్యికీ హీటర్‌కూ దూరంగా పెట్టండి. మామూలు తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ వీటిలో పోస్తే గొట్టం పేలుతుంది. షాపులో అనుమానమొస్తే డబ్బా చూపించి అడగండి.

స్కోప్ ఇప్పుడొద్దు. తుపాకీ మీదే గురికి ఉండే సైట్లతో వంద గజాల లోపు గురి కుదిరాక చూద్దాం. 50 క్యాలిబర్‌కు ఒక్క దెబ్బకు రెండు బిళ్లల లెక్కన ఆ వంద బిళ్లల పెట్టె 50 దెబ్బలకొస్తుంది. షూటింగ్ రేంజిలో 30 కాల్చి చూడండి. ఒక్కో దెబ్బకు రెండు, రెండున్నర డాలర్లు పడుతుంది. డబ్బు అలా కరగడం నచ్చకపోయినా, చేతికి మసి నచ్చకపోయినా అక్కడే తెలిసిపోతుంది. మామూలు వేట లైసెన్సు మొదటిసారి తీసుకునేవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. తుపాకీ కొనకముందే అది పూర్తి చేయండి.

"మాంసం మిగులుతుంది కదండీ, ఖర్చు తిరిగొచ్చేస్తుంది" అని చాలామంది అంటారు. ఒక పెద్ద జింకకు ఎముకలు తీసేస్తే 40, 50 పౌండ్లు వస్తుంది. కోసి ప్యాక్ చేసి ఇచ్చేవాళ్లు వందకు పైగా తీసుకుంటారు. దాన్ని పెట్టడానికి ఇంకో ఫ్రీజర్ కొన్నారంటే లెక్క తలకిందులు. మొదటి ఏడాది ఒట్టి చేతులతో వచ్చేవాళ్లూ తక్కువేం కాదు. కాబట్టి దీన్ని సినిమా, షికారు ఖాతాలోనే రాసుకోండి, కిరాణా ఖాతాలో కాదు. ఇంట్లో చెప్పారా? మీ ప్రశ్నలో ఆ ముక్క లేదు, అందుకే అడుగుతున్నా.

గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి మీకు వీసా చిక్కు లేదు. హెచ్‌-1బీ మీద ఉన్న మిత్రులకు వేరే నిబంధనలున్నాయి, వాళ్లు ఒక గంట లాయరు ఫీజు పెట్టి కనుక్కోవడమే చవక. ఇంకోటి, సెలవుల్లో తాతగారి ఊళ్లో చూపిద్దామని దీన్ని ఇండియాకు పట్టుకెళ్లే ఆలోచన కలలోనైనా వద్దు.

అసలు నాకు ఆసక్తిగా ఉంది ఆ 150 డాలర్ల పాత తుపాకీ. బాగుంటే కొనేయండి, 130 మిగులుతుంది, నేరుగా కార్డు బాకీకి కట్టేయండి. కానీ ఈ తుపాకుల్లో ముప్పు గొట్టం లోపల ఉంటుంది. పైరోడెక్స్ లాంటి మందు కాల్చాక మిగిలే మసి గాలిలో తేమను పీలుస్తుంది. వేట నుంచి అలసిపోయి వచ్చి రెండు రోజులు అలాగే మూల పెడితే చాలు, లోపల తుప్పు మొదలవుతుంది. బయట నిగనిగలాడుతున్న నీలిపూత (బ్లూయింగ్) చూసి ఏమీ చెప్పలేం.

అతని గ్యారేజీకి పగటిపూట వెళ్లండి. మొదట కడ్డీని గొట్టంలోకి అడుగంటా దించి, మూతి దగ్గర వేలితో పట్టుకుని, బయటకు తీసి గొట్టానికి బయట ఆనించి చూడండి. బ్రీచ్ ప్లగ్ దాకా రావాలి. మూడు నాలుగు అంగుళాలు తగ్గిందా, లోపల ఎప్పటిదో మందూ గుండూ అలాగే ఉండొచ్చు. అప్పుడు మీరేమీ ముట్టుకోవద్దు, ఖాళీ చేయించి తెమ్మని అతనికే చెప్పండి. సరిపోతే ప్లగ్ విప్పమని, వెనక నుంచి ఫోన్ లైటు వేసి మూతి నుంచి చూడండి. మెరిసే గాడులు మెలితిరుగుతూ కనిపించాలి. తర్వాత నూనె తడిపిన తెల్లగుడ్డ ఒకటి తోసి తీయండి. నల్లగా వస్తే మసి, కడిగితే పోతుంది. ఇటుకరంగులో వస్తే తుప్పు, కాఫీ తాగి, థాంక్స్ చెప్పి వచ్చేయండి.