పీఎస్4 వైర్‌లెస్ కంట్రోలర్ కంప్యూటర్‌లో మధ్యమధ్యలో పోతున్నది, ఒక బటన్ రెండుసార్లు పడుతున్నది: ఏం చేయాలె?

తమ్మీ, నీ ప్రశ్నలో రెండు మూడు తిప్పలు కలిసిపోయినయి. నువ్వు చెప్పింది ఇది: నయీంనగర్‌లో హాస్టల్ రూమ్, బ్లూటూత్ లేని డెస్క్‌టాప్, విండోస్ 11, మీ అన్న వాడి ఇచ్చిన పీఎస్4 కంట్రోలర్, కొత్తగ కొన్న చిన్న బ్లూటూత్ డాంగిల్ (యూఎస్‌బీ పోర్టుకు పెట్టే ముక్క). స్టీమ్‌లో (గేమ్‌లు కొని ఆడుకునే ప్రోగ్రాం) ఉన్న గేమ్ నడుస్తున్నది గాని ఐదు పది నిమిషాలకొకసారి కనెక్షన్ పోతున్నది. బయట నుంచి ఇన్‌స్టాల్ చేసిన గేమ్‌కు కంట్రోలర్ కనబడలేదని డీఎస్4విండోస్ అనే ప్రోగ్రాం వేసినవు, అప్పటి నుంచి స్టీమ్ గేమ్‌లో ఒక్కసారి ఒత్తితే మెనూలో రెండు వరుసలు జరుగుతున్నది. దోస్తు దగ్గరున్న పాత ఎక్స్‌బాక్స్ 360 వైర్‌లెస్ కంట్రోలర్ ఇదే డాంగిల్‌కు కలుస్తదా అనేది ఆఖరి ప్రశ్న.

కనెక్షన్ పోవుడు రేడియో సంగతి. గేమ్‌కు కనబడకపోవుడు, రెండుసార్లు పడుడు సాఫ్ట్‌వేర్ సంగతి. ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు. రెండుసార్లు పడుతున్నదని డాంగిల్ మార్చేటోళ్ళు, కనెక్షన్ పోతున్నదని విండోస్ మళ్ళీ వేసేటోళ్ళు చానామంది. అందుకే ముందుగాల డాంగిల్ పీకి పక్కన పెట్టు, కేబుల్ పెట్టి చూడు.

పీఎస్4 కంట్రోలర్‌కు మైక్రో యూఎస్‌బీ కేబుల్ కావాలె. ఇక్కడనే సగం మంది ఆగిపోతరు, ఎందుకంటే పాత పవర్ బ్యాంకులతోటి వచ్చిన కేబుళ్ళలో ఛార్జింగ్ తీగలు మాత్రమే ఉంటయి, డేటా తీగలు ఉండవు. అదే కేబుల్‌తో ఏదన్న పాత ఫోన్‌ను కంప్యూటర్‌కు పెట్టి ఫోటోలు కాపీ అయితయో లేదో చూసుకో. కాకపోతే కేబుల్ మార్చు. డేటా కేబుల్ పెట్టినంక విండోస్ గుర్తున్న బటన్, ఆర్ కలిపి ఒత్తి, వచ్చిన డబ్బాలో జే, ఓ, వై, చుక్క, సీ, పీ, ఎల్ అని చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి ఎంటర్ కొట్టు. గేమ్ కంట్రోలర్ల కిటికీ తెరుచుకుంటది. అందులో ‘వైర్‌లెస్ కంట్రోలర్’ అన్న పేరు మీద ప్రాపర్టీస్ ఒత్తితే ప్రతి బటన్, ప్రతి స్టిక్ కనబడతది. డీఎస్4విండోస్, స్టీమ్ రెండూ మూసేసి చూడాలె, లేకపోతే ఎవరు పంపిన సిగ్నల్ ఎవరిదో తెల్వదు.

అరగంట కేబుల్‌తో ఆడు. కనెక్షన్ ఒక్కసారి కూడా పోకపోతే కంట్రోలర్ మంచిగున్నది, దోషం గాలిలోనే. కేబుల్‌తో కూడా పోతుంటే మైక్రో యూఎస్‌బీ పోర్టు వదులైనట్టు. ఈ మోడల్‌లో అది మెయిన్ బోర్డు మీద ఉండదు, రిబ్బన్ కేబుల్‌తో కలిసిన చిన్న విడి బోర్డు మీద ఉంటది. కాబట్టి మొత్తం కంట్రోలర్ పారేయవలసిన పని లేదు, ఆ చిన్న బోర్డు మారిస్తే సరిపోతది. కొనేముందు పాతది విప్పి రిబ్బన్ పిన్నులు లెక్కపెట్టుకో: 12 పిన్నులది, 14 పిన్నులది వేర్వేరుగ ఉంటయి.

ఇగ గాలి సంగతి. ముందుగాల పాత జంటను తీసెయ్యి: సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్‌కు పోయి, అక్కడున్న ‘వైర్‌లెస్ కంట్రోలర్’ పక్కన మూడు చుక్కలు ఒత్తి రిమూవ్ చెయ్యి. కంట్రోలర్ ఎన్కవైపు ఎల్2 దగ్గర చిన్న రంధ్రం ఉంటది. సన్నటి పిన్నుతో ఐదు సెకన్లు లోపలికి ఒత్తితే పాత జోడీ అంతా పోతది. అటెన్క యాడ్ డివైస్‌లో బ్లూటూత్ ఎంచి, కంట్రోలర్ మీద షేర్ బటన్, పీఎస్ బటన్ రెండూ కలిపి పట్టుకో. ముందటి లైటు రెండేసి సార్లు టకటకా మెరిసేదాకా వదలొద్దు. మెల్లగ ఒక్కొక్కసారి మెరుస్తుంటే అది పాత పీఎస్4ను వెతుకుతున్నట్టు, జత కూడే పద్ధతిలోకి రానట్టు. అన్న దగ్గర పీఎస్4 ఇంకా ఉండి, దానికి మళ్ళీ కేబుల్ పెట్టి పీఎస్ బటన్ ఒత్తితే కంప్యూటర్ జోడీ పోతది. అటూ ఇటూ మార్చినప్పుడల్లా ఇది మళ్ళీ చేసుకోవలసిందే.

జత కూడి, అటెన్క తెగిపోతుంటే, నేను చూసినంతలో పదిట్ల ఏడెనిమిది సార్లు దోషం డాంగిల్ పెట్టిన జాగాదే. సీపీయూ టేబుల్ కింద, డాంగిల్ దాని ఎన్కవైపు, ముందట నువ్వు: అంటే కంట్రోలర్‌కు డాంగిల్‌కు నడుమ ఒక ఇనుప డబ్బా, నీ మోకాళ్ళు. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తది, ఆ తరంగాలను ఇనుము అడ్డుకుంటది, ఒంట్లోని నీళ్ళు మింగుతయి. దీనికి తోడు డాంగిల్‌ను నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో గానీ, దాని పక్కన గానీ పెడితే ఇంకో తంటా. యూఎస్‌బీ 3లో డేటా పారేటప్పుడు పుట్టే రొద 2.4 గిగాహెర్ట్జ్ మీదనే పడతదని ఇంటెల్ 2012లోనే కొలిచి చూపించింది. బయటి హార్డ్ డిస్క్ పెట్టి గేమ్ ఆడుతుంటే అప్పుడు మాత్రమే తెగుతున్నదంటే కారణం ఇదే. మందు చాలా చౌక: ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకో, నల్ల యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టు, డాంగిల్‌ను టేబుల్ మీదికి తెచ్చి మానిటర్ కింద నీకు కనబడేటట్టు పెట్టు. కొత్త డాంగిల్ కొనే ముందు ఈ ఒక్క పని చేసి చూడమనే నా మాట.

హాస్టల్ కాబట్టి ఇంకొకటి చూడాలె. అంతస్తుకు నాలుగైదు వైఫై రౌటర్లు ఉంటయి, ఎక్కువ శాతం 2.4 మీదనే. బ్లూటూత్ 79 చిన్న చానళ్ళ మధ్య దుంకుకుంటా పోతది, వైఫై నిండిన చానళ్ళను తప్పించుకుంటది. కానీ చుట్టూ అంతా నిండిపోతే దుంకడానికి జాగా మిగలదు. నీ కంప్యూటర్ వైఫైను 5 గిగాహెర్ట్జ్ పేరుకు మార్చు, లేదంటే ల్యాన్ తీగ పెట్టు. కనీసం నీ సొంత డౌన్‌లోడ్ అన్న నీ కంట్రోలర్‌ను సతాయించదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ కూడా అదే డాంగిల్‌కు కలిపితే రెండూ ఒక్క దారిలో కొట్లాడుకుంటయి. గేమ్ ఆడేటప్పుడు తీగ ఉన్న హెడ్‌ఫోన్ పెట్టుకో.

ఇవన్నీ చేసినా తెగుతుంటే డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ కింద డాంగిల్ పేరు మీద రెండుసార్లు ఒత్తి, పవర్ మేనేజ్‌మెంట్‌లో ‘కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు’ అన్న అర్థం వచ్చే టిక్కు తీసెయ్యి. ఆడకుండ ఊరికే పెట్టినప్పుడు, కథ వీడియో నడుస్తున్నప్పుడు మాత్రమే పోతుంటే అది దోషం కాదు: స్టీమ్‌లోనూ, డీఎస్4విండోస్ ప్రొఫైల్‌లోనూ కొంతసేపు కదలికలేకపోతే కంట్రోలర్ ఆపే సెట్టింగ్ ఉంటది, దాన్ని పెంచుకో.

డాంగిల్ నిజంగనే చెడ్డదైతే ఎట్ల తెలుస్తది? డివైస్ మేనేజర్‌లో సీఎస్ఆర్ 8510 ఏ10 అనే పేరున్న చౌక డాంగిళ్ళలో నకిలీ చిప్పులు చాలా తిరుగుతున్నయి. అవి జత కూడుతయి గాని నిలబడవు. మార్చాలనుకుంటే రియల్‌టెక్ 8761బీ చిప్పు ఉన్న బ్లూటూత్ 5 డాంగిల్ తీసుకో, టీపీ-లింక్ యూబీ500 అసొంటిది, కంపెనీ డ్రైవర్ కూడా వేసుకో. పాత డాంగిల్ తప్పకుండ పీకెయ్యాలె. విండోస్ ఒకేసారి ఒక్క బ్లూటూత్ రేడియోనే నడుపుతది, రెండుంటే పోట్లాట.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. విండోస్ గేమ్‌లు ఎక్కువ శాతం ఎక్స్‌ఇన్‌పుట్ అనే భాషలోనే కంట్రోలర్‌తో మాట్లాడుతయి. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో పాటు వచ్చిన పద్ధతి అది. పీఎస్4 కంట్రోలర్‌కు ఆ భాష రాదు, అది మామూలు డైరెక్ట్‌ఇన్‌పుట్ పరికరంగనే కనబడతది. అందుకే విండోస్‌లో బటన్లన్నీ పనిచేస్తున్నట్టు కనబడినా గేమ్ మాత్రం పట్టించుకోదు. నడుమ ఒక దుబాసీ కావాలె. స్టీమ్ ఇన్‌పుట్ ఒక దుబాసీ, డీఎస్4విండోస్ ఇంకొక దుబాసీ. రెండింటినీ ఒకేసారి పెడితే ఒకే మాట రెండుసార్లు పోతది. నీ మెనూ రెండు వరుసలు జరగడానికి కారణం ఇదే. డీఎస్4విండోస్ ఒక్కటే ఉన్నా, గేమ్ అసలు కంట్రోలర్‌నూ, అది తయారుచేసిన నకలు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌నూ రెండింటినీ చూస్తే మళ్ళీ అదే కథ.

నీకు స్టీమ్ ఎట్లాగూ ఉన్నది కాబట్టి నేనైతే డీఎస్4విండోస్‌ను పూర్తిగ తీసేసి స్టీమ్‌నే దుబాసీగ ఉంచుత. స్టీమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్‌కు పోయి ప్లేస్టేషన్ కంట్రోలర్లకు స్టీమ్ ఇన్‌పుట్ ఆన్ చెయ్యి. బయటి గేమ్‌ను కూడా అందులోకే తేవచ్చు: పైన గేమ్స్ మెనూలో ‘యాడ్ ఎ నాన్-స్టీమ్ గేమ్’ ఒత్తి ఆ గేమ్ ఫైల్‌ను చూపించు. లాంచర్ (గేమ్‌ను తెరిచే చిన్న ప్రోగ్రాం) ఫైల్‌ను కాదు, అసలు గేమ్ నడిపే ఫైల్‌నే చూపించాలె. లాంచర్‌ను చూపిస్తే స్టీమ్ దానికే అతుక్కుని, గేమ్ తెరుచుకున్నప్పుడు పక్కకుండిపోతది. గేమ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గ నడుపుతుంటే స్టీమ్‌ను కూడా అట్లనే నడుపు. కొన్ని గేమ్‌లకు పీఎస్4 కంట్రోలర్ పుట్టుకతోనే తెలుసు, వాటిలో తికమక వస్తే ఆ ఒక్క గేమ్ ప్రాపర్టీస్‌లో కంట్రోలర్ కింద స్టీమ్ ఇన్‌పుట్ డిజేబుల్ చెయ్యి.

స్టీమ్‌లోకి తేలేని గేమ్ ఉన్నదంటే అప్పుడు డీఎస్4విండోస్ పెట్టుకో. దానికి కావలసినవి రెండు: నకలు కంట్రోలర్ తయారుచేసే విజెమ్‌బస్ డ్రైవర్, అసలు కంట్రోలర్‌ను గేమ్ కంటికి కనబడకుండ దాచే హిడ్‌హైడ్. విజెమ్‌బస్ తయారీ 2023లో ఆపేశారు గాని ఆఖరి వెర్షన్ పనిచేస్తది. హిడ్‌హైడ్‌లో పరికరాల వరుసలో నీ కంట్రోలర్‌కు టిక్కు పెట్టు, దాచుడును ఆన్ చెయ్యి, అనుమతి ఉన్న ప్రోగ్రాముల వరుసలో డీఎస్4విండోస్ ఫైల్‌ను చేర్చు. ఈ చివరి పని మరిచిపోతే డీఎస్4విండోస్‌కే కంట్రోలర్ కనబడదు, పాడైందనుకుని గాబరా పడతవు. అన్నీ గిట్‌హబ్ (ప్రోగ్రాములు రాసేటోళ్ళు వాటిని పెట్టే సైట్) పేజీల నుంచే దించుకో, సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనల సైట్ల నుంచి వద్దు. అది నడుస్తున్నప్పుడు స్టీమ్‌లో స్టీమ్ ఇన్‌పుట్ ఆఫ్ ఉండాలె.

2005కు ముందటి పాత గేమ్‌లకు లెక్క తిరగబడతది. అవి డైరెక్ట్‌ఇన్‌పుట్ కోసమే రాసినవి, దుబాసీ లేకుండ పీఎస్4 కంట్రోలర్ నేరుగ పనిచేస్తది. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కు అక్కడ ఒక లోపం ఉన్నది: రెండు ట్రిగ్గర్లు ఒకే గీత మీద కనబడతయి, రెండూ కలిపి ఒత్తితే ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకుంటయి. పాత కారు గేమ్‌లలో బ్రేకు, యాక్సిలరేటర్ కలిపి ఒత్తితే ఏమీ జరగనిది అందుకే.

నీ దోస్తు ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్ సంగతి: నీ డాంగిల్‌కు కలవదు, ఏ బ్లూటూత్ డాంగిల్‌కూ కలవదు. అది 2.4 గిగాహెర్ట్జ్‌నే వాడుతది గాని బ్లూటూత్ కాదు, మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతి. దాని ప్లే అండ్ ఛార్జ్ కేబుల్ పెట్టినా లాభం లేదు, ఆ కేబుల్ ఛార్జింగ్ వరకే, డేటా పంపదు. ప్రత్యేకమైన వైర్‌లెస్ రిసీవర్ కొనాలె, ఒక రిసీవర్‌కు నాలుగు కంట్రోలర్లు కలుస్తయి. బజార్లో దొరికేవి చాలా వరకు నకలు రిసీవర్లు, విండోస్ వాటిని తనంతట తాను గుర్తుపట్టదు. డివైస్ మేనేజర్‌లో ‘అన్‌నోన్ డివైస్’ మీద కుడి క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, లెట్ మి పిక్, వచ్చిన వరుసలో ఎక్స్‌బాక్స్ 360 పెరిఫెరల్స్, అందులో ‘వైర్‌లెస్ రిసీవర్ ఫర్ విండోస్’. హెచ్చరిక వస్తే యెస్ అను. అటెన్క రిసీవర్ మీద బటన్ ఒత్తి, కంట్రోలర్ మీద ట్రిగ్గర్ల నడుమ ఉన్న చిన్న బటన్ ఒత్తితే కలుస్తది.

ఆ దోస్తు కొత్తది కొనాలనుకుంటే ఎక్స్‌బాక్స్ వన్, దాని తర్వాత వచ్చిన సిరీస్ కంట్రోలర్లలోనూ చూసి కొనుమను. బ్యాటరీ అర లోపల మోడల్ నంబర్ ఉంటది: 1537, 1697 అయితే బ్లూటూత్ లేదు, 1708, 1914 అయితే ఉన్నది. బయట నుంచే పోల్చుకోవాలంటే మధ్యలో మెరిసే ఎక్స్‌బాక్స్ బటన్ చుట్టున్న ప్లాస్టిక్ చూడు. అది ముందటి ముఖం ప్లాస్టిక్‌లోనే కలిసి ఉంటే బ్లూటూత్ ఉన్నట్టు, పైన భుజం బటన్ల ముక్కతో కలిసి ఉంటే లేనట్టు. బ్లూటూత్‌లో హెడ్‌ఫోన్ జాక్ పనిచేయదు, ఎక్స్‌బాక్స్ సొంత వైర్‌లెస్ అడాప్టర్‌కు కలిపితే పనిచేస్తది. ఆ అడాప్టర్, అసలైన రిసీవర్లు హనుమకొండ చౌరస్తా దుకాణాల్లో అడిగి చూడండి, దొరకకపోతే ఆన్‌లైన్, లేదా కాజీపేట నుంచి సికింద్రాబాద్ రైలెక్కి ప్యారడైజ్ దగ్గర సీటీసీ అనే కంప్యూటర్ల బజార్.

బ్యాటరీ మాట ఒకటి. పీఎస్4 కంట్రోలర్‌లో ఉండేది 1000 ఎంఏహెచ్ లిథియం బ్యాటరీ. వాడి వాడి బలం తగ్గినంక, గేమ్‌లో వైబ్రేషన్ గట్టిగ వచ్చినప్పుడే కనెక్షన్ పోతది, ఎందుకంటే మోటారు ఒక్కసారి గుంజితే వోల్టేజీ పడిపోతది. గేమ్‌లో వైబ్రేషన్ ఆపేసి ఒక గంట ఆడి చూడు, తెగకపోతే బ్యాటరీ మార్చే టైమ్ వచ్చినట్టే. ఎన్కవైపు నాలుగు స్క్రూలు. పాత మోడల్ బ్యాటరీ ప్లగ్ పెద్దది, 2016 తర్వాతి మోడల్ ప్లగ్ చిన్నది, టచ్‌ప్యాడ్ పైఅంచులో లైటు గీత కనబడితే నీది రెండోది. మన దిక్కు మే నెల ఎండలో కిటికీ గట్టు మీద, రేకుల కింద కంట్రోలర్ పెట్టకు, లిథియం బ్యాటరీని అంత తొందరగ పాడుచేసేది ఇంకోటి లేదు. ఉబ్బిన బ్యాటరీ కనబడితే ఛార్జింగ్ పెట్టకుండ అప్పుడే తీసెయ్యి.

ముందుగాల ఎక్స్‌టెన్షన్ కేబుల్, అటెన్క డీఎస్4విండోస్ తీసేసుడు. ఈ రెండూ చేసి, తెగుడు ఎన్ని నిమిషాలకు వస్తున్నదో, వైబ్రేషన్ ఉన్నప్పుడా లేనప్పుడా, డివైస్ మేనేజర్‌లో డాంగిల్ పేరు ఏమున్నదో కింద రాయి.