ఎడిన్‌బరా నుంచి డబ్లిన్ దాకా, మా చిట్టికి

చిట్టీ,

నీ మెసేజ్ చూశాను. మే నెలలో పది రోజులు సెలవు దొరుకుతోందని, భుజాన బ్యాగు తగిలించుకుని స్కాట్లాండ్, ఐర్లాండ్ చూసి రావాలనుందని, చేతిలో డబ్బు మాత్రం అంతంతేనని రాశావు. తప్పకుండా వెళ్ళు. నీ పార్ట్‌టైమ్ డబ్బుతోనే వెళ్ళి రావచ్చు. ఇరవై ఏళ్ళుగా గ్లాస్గోలో ఉంటూ నేనూ మీ పెదనాన్నా ఈ ఊళ్ళన్నీ బస్సుల్లో, రైళ్ళలో తిరిగినవాళ్ళమే. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు వీసా సంగతి తేల్చుకో. నీ స్టూడెంట్ వీసా మీద ఎడిన్‌బరా, గ్లాస్గోతో పాటు బెల్‌ఫాస్ట్ కూడా తిరగొచ్చు. బెల్‌ఫాస్ట్ ఉత్తర ఐర్లాండ్‌లో ఉంది, అది యూకేలో భాగం. డబ్లిన్ అలా కాదు, వేరే దేశం. దానికి విడిగా ఐరిష్ వీసా తీసుకోవాల్సిందే. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చేవాళ్ళలో కొందరికి రెండు దేశాలకీ ఒకే వీసా చెల్లుతుంది. అది విని నీ ఫ్రెండ్స్ నీకూ చెల్లుతుందని చెప్పవచ్చు, కానీ స్టూడెంట్ వీసాకి అది వర్తించదు. బెల్‌ఫాస్ట్ నుంచి డబ్లిన్ వెళ్ళే బస్సు సరిహద్దు దాటేటప్పుడు చాలాసార్లు ఎవరూ ఆపరు. ఆపరు కదా అని వీసా లేకుండా ఎక్కావో, ఒక్కసారి పోలీసులు బస్సెక్కి అడిగితే నీ చదువు మీదికే వస్తుంది. మీ అమ్మ ఆ చదువుకి ఎంత అప్పు చేసిందో నాకు తెలుసు. మార్చిలోనే దరఖాస్తు పెట్టు. ఏప్రిల్ చివరికి కూడా వీసా రాకపోతే డబ్లిన్ వదిలేసి బెల్‌ఫాస్ట్‌తో ఆపేసెయ్. అది కూడా మంచి ట్రిప్పే.

ఇక డబ్బు. ఈ ఊళ్ళలో చూడటానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. పెద్ద మ్యూజియంలు, గ్యాలరీలు, కొండలు, పార్కులు చాలావరకు ఉచితమే. డబ్బంతా మంచానికీ ప్రయాణానికీ పోతుంది. కాబట్టి పొదుపు చేయాల్సింది ఆ రెండింటి దగ్గరే. ఎక్కువ ఊళ్ళు పెట్టుకుంటే టిక్కెట్లూ ఎక్కువే అవుతాయి. పది రోజుల్లో ఏడు ఊళ్ళని నువ్వు పంపిన ప్లాన్‌లో గాల్వే, కార్క్, ఇన్వర్‌నెస్ కొట్టెయ్. ఎడిన్‌బరాలో మూడు రాత్రులు, గ్లాస్గోలో రెండు (మా ఇల్లుండగా నీకు హాస్టల్ ఎందుకు?), బెల్‌ఫాస్ట్‌లో రెండు, డబ్లిన్‌లో రెండు చాలు.

హాస్టల్ బెడ్లు ఇప్పుడే బుక్ చేసుకో, ముఖ్యంగా శుక్ర, శనివారాలవి. ఆ రెండు రాత్రులూ రేటు బాగా పెరుగుతుంది కాబట్టి అప్పుడు మా ఇంట్లో ఉండేలా తేదీలు సర్దుకో. ఆగస్టుకి మాత్రం వాయిదా వేయకు. ఎడిన్‌బరాలో ఆ నెలంతా ఫెస్టివల్ జనమే. 2006లో మేం ఆగస్టులో ముందు బుక్ చేయకుండా వెళ్ళాం. సాయంత్రం ఆరు నుంచి పది దాకా పిల్లాణ్ణి ఎత్తుకుని తలుపు తలుపూ తట్టినా ఒక్క మంచం దొరకలేదు. చివరికి రాత్రి రైలెక్కి ఇంటికొచ్చేశాం.

ఆడపిల్లలకి విడిగా గది ఉన్న హాస్టల్, వంటగది ఉన్న హాస్టల్ చూసుకో. లాకర్ ఉంటుంది గానీ తాళంకప్ప చాలాచోట్ల మనదే. చిన్నది ఒకటి, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ ఒక జత తీసుకెళ్ళు. వంటగదిలో ఒక అర మీద ముందువాళ్ళు వదిలేసి వెళ్ళిన బియ్యం, పాస్తా, నూనె, ఉప్పు ఎవరైనా వాడుకునేలా పెట్టి ఉంటాయి. వెళ్ళగానే అది చూడు. బియ్యం దొరికితే నీ కందిపొడి, చిన్న డబ్బాలో నెయ్యి, సూపర్‌మార్కెట్ పెరుగు చాలు, రాత్రి భోజనం అయిపోతుంది. పొద్దున ఓట్స్ జావ. మధ్యాహ్నం సూపర్‌మార్కెట్లో శాండ్‌విచ్, చిరుతిండి, డ్రింకు కలిపి ఇచ్చే మీల్ డీల్. సాయంత్రం అక్కడే పసుపు స్టిక్కర్ల అరలో రొట్టెలు, సలాడ్లు తక్కువకి పెడతారు. నీళ్ళ సీసా కొనకు, కుళాయి నీళ్ళే తాగొచ్చు.

బట్టల్లో ఒక్కదానికే బాగా ఖర్చు పెట్టు, అది వాన జాకెట్. గొడుగు ఇక్కడి గాలికి నిలవదు. నీ చక్రాల సూట్‌కేస్ కూడా వద్దు. పాత ఎడిన్‌బరా వీధులన్నీ రాళ్ళు పరిచినవి, సందులన్నీ మెట్లు.

ఎడిన్‌బరాలో మొదటి రోజు పొద్దున్నే ఆర్థర్స్ సీట్ ఎక్కు. 251 మీటర్ల కొండ. అలిపిరి మెట్లు ఎక్కినదానివి, నీకిది లెక్కలోది కాదు. అయితే వాన పడితే రాళ్ళు జారతాయి, ఆ రోజు మానుకో. పైనుంచి సముద్రం, కోట, ఊరు మొత్తం ఒకేసారి కనిపిస్తాయి. కోట లోపలికి టిక్కెట్ ఎక్కువ. కోట మీద మధ్యాహ్నం ఒంటిగంటకి పేల్చే ఫిరంగిని (ఆదివారం ఉండదు) కింద ప్రిన్సెస్ స్ట్రీట్‌లో నిలబడి వినొచ్చు, పైసా ఖర్చు లేదు. నేషనల్ మ్యూజియంలో క్లోనింగ్‌తో పుట్టిన డాలీ గొర్రెను చూడు, తర్వాత అదే భవనం డాబా ఎక్కు. బయోటెక్ చదివే నువ్వు డాలీ ముందు చాలాసేపు నిలబడతావని నాకు తెలుసు.

గ్లాస్గోకి రైల్లో యాభై నిమిషాలు. బస్సైతే ఇంకొంచెం సేపు పడుతుంది, కానీ చౌక. ఇక్కడ నిన్ను కెల్విన్‌గ్రోవ్ మ్యూజియానికి నేనే తీసుకెళ్తాను. 1901లో తెరిచిన ఎర్రరాయి భవనం. ఒక హాల్లో ఏనుగు బొమ్మ కాదు, నిజం ఏనుగు చర్మంతోనే చేసి నిలబెట్టారు, దాని తల మీద స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం వేలాడుతూ ఉంటుంది. మధ్య హాల్లో ఒంటిగంటకి (ఆదివారమైతే మూడింటికి) పైప్ ఆర్గన్ వాయిస్తారు. మొదట నేలలోంచి వచ్చినట్టు ఒక లోతైన శబ్దం, బెంచీ చెక్కలో కూడా తెలుస్తుంది. టీ తాగుతున్న ముసలివాళ్ళు కప్పు కింద పెట్టేస్తారు, పరిగెత్తే పిల్లలు ఆగి తలెత్తి పైకి చూస్తారు. నేను ఈ ఊరు కొత్తగా వచ్చి, ఎవరూ తెలియక, ఇంటి మీద బెంగతో ఉన్న రోజుల్లో ప్రతి ఆదివారం అక్కడికే వెళ్ళేదాన్ని. టిక్కెట్ లేదు, ఎవరూ లేచి వెళ్ళమనరు. పరాయి దేశంలో అలాంటి చోటు ఒకటి ఉండటం ఎంత ధైర్యమో నీకు కూడా ఈపాటికి తెలిసే ఉంటుంది.

బెల్‌ఫాస్ట్‌కి విమానం వద్దు, ఓడలో వెళ్ళు. రైలు, బస్సు, ఓడ కలిపి ఒకే టిక్కెట్ దొరుకుతుంది. కెయిర్న్‌రాయన్ రేవు నుంచి సముద్రం మీద రెండు గంటల పైచిలుకు. బ్యాగు కొలిచి డబ్బు గుంజే గొడవ ఉండదు. బెల్‌ఫాస్ట్‌లో టైటానిక్ మ్యూజియం ఖరీదు, కానీ ఆ ఓడ కట్టిన చోటు బయటి నుంచి ఊరికే నడిచి చూడొచ్చు. కాథలిక్కులుండే ఫాల్స్ రోడ్, ప్రొటెస్టెంట్లుండే షాంకిల్ రోడ్‌ల గోడల మీది బొమ్మలు పగటిపూటే చూడు. వాళ్ళని విడదీస్తూ మధ్యలో ఉన్న ఎత్తైన గోడకి గేట్లుంటాయి, రాత్రికి మూసేస్తారు. 1998లో శాంతి ఒప్పందం అయినా ఆ గోడ ఇంకా ఉంది. అక్కడ మతం, రాజకీయం గురించి మాట్లాడాల్సి వస్తే నువ్వు విను, అభిప్రాయం చెప్పకు. ఒక రోజు సముద్రం ఒడ్డున స్తంభాల్లాంటి రాళ్ళుండే జెయింట్స్ కాజ్‌వేకి కేటాయించు, కోల్‌రైన్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. డబ్బులు విజిటర్ సెంటర్‌కే, రాళ్ళ దాకా నడిచే దారి ఉచితం.

డబ్లిన్‌లో పౌండ్లు చెల్లవు, యూరోలు కావాలి. బస్సుకి లీప్ కార్డు తీసుకో, డబ్బులిచ్చి ఎక్కితే సరిగ్గా నాణేలే ఉండాలి. టెంపుల్ బార్ వీధి చూడు, అక్కడ తినకు. ట్రినిటీ కాలేజీలోని లాంగ్ రూమ్ అనే పాత లైబ్రరీకి ఇప్పుడు డబ్బు పెట్టడం నాకు నచ్చదు. మరమ్మతుల కోసం ఆ అరల్లోంచి పుస్తకాలు తీసేశారు. దాని బదులు డబ్లిన్ కోట ఆవరణలోని చెస్టర్ బీటీ మ్యూజియానికి వెళ్ళు, మన మొగల్ చిత్రాలు కూడా ఉన్నాయి, ఉచితం. అక్కణ్ణుంచి కిల్డేర్ స్ట్రీట్ మ్యూజియానికి. 2003లో ఒక బురదనేలలో దొరికిన మనిషి శరీరం ఉందక్కడ. రెండు వేల ఏళ్ళ కిందటిది. తల లేదు, నడుము కింది భాగం లేదు. చేతులు మాత్రం చెక్కుచెదరలేదు. వేలి ముడతలు, గోళ్ళు మన చేతుల్లాగే ఉంటాయి. మోచేతి పైన అల్లిన తోలు పట్టీ అలాగే ఉంది. తొందరపడకుండా ఆ చేతిని చూడు.

పాస్‌పోర్ట్ మరిచిపోకు. వీసా వివరాలుండే నీ యూకే ఆన్‌లైన్ అకౌంట్‌లో అదే పాస్‌పోర్ట్ నంబరు ఉందో లేదో బయల్దేరే ముందు సరిచూసుకో. రోజూ రాత్రి మీ అమ్మకి ఒక్క మెసేజ్ పెట్టు, ఏ ఊళ్ళో ఉన్నావో రాయి. స్కాట్లాండ్ నోట్లు మిగిలితే ఇక్కడే ఖర్చు పెట్టేసెయ్, మీ బర్మింగ్‌హామ్‌లో కొన్ని షాపులవాళ్ళు అటూ ఇటూ తిప్పి చూస్తారు.

ఏ రైలుకి వస్తున్నావో ముందురోజు చెప్పు. క్వీన్ స్ట్రీట్ స్టేషన్ గేటు దగ్గర మీ పెదనాన్న ఉంటారు. ఆ రాత్రికి గుత్తివంకాయ చేస్తాను.

మీ పెద్దమ్మ