మంత్రం వినడం వేరు, నేర్చుకుని వినడం వేరు

ధ్యానంలో కూర్చున్నప్పుడు, యజుర్వేదంలోని శివస్తుతి అయిన రుద్రం వింటున్నప్పుడు మెదడులో నిజంగా ఏమైనా మారుతుందా అని అడిగారు. మారుతుంది. అయితే అది మనం ఎలా వింటున్నామన్న దాన్ని బట్టి ఉంటుందని నా అనుభవం.

చాలా ఏళ్ళు రుద్రం ఊరికే వినేవాణ్ణి. హాయిగానే ఉండేది కానీ కాసేపటికే మనసు ఆఫీసు పనుల మీదికి పోయేది. తర్వాత ఒక గురువుగారి దగ్గర సంత చెప్పుకున్నాను, అంటే ఆయన పలికింది విని తిరిగి పలుకుతూ నేర్చుకున్నాను. ఆయన ఒకసారి అంటే మేం రెండుసార్లు అనాలి. అనుదాత్తం (కింది స్వరం) దగ్గర గొంతు దిగకపోతే మళ్ళీ మొదటికి. ఇప్పుడు రుద్రం రెండో భాగమైన చమకం వింటుంటే, అందులో పదే పదే వచ్చే 'చ మే' (నాకూ కలగాలి) ఒకటి పూర్తయ్యేలోపే తర్వాతి మాట లోపల సిద్ధంగా ఉంటుంది. వేరే ఆలోచనకు చోటుండదు.

ఖాళీగా ఉన్నప్పుడు నిన్నటి గొడవలూ రేపటి పనులూ తిరగేసే మెదడు భాగాలను కలిపి 'డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్' అంటారు. అనుభవం ఉన్న సాధకుల్లో ధ్యానం వేళ ఇందులోని ముఖ్య భాగాల చురుకు తగ్గి ఉందని 2011లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు.

అదే ఏడాది బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నుంచి వచ్చిన పరిశోధన నాకు ఇంకా ఇష్టం. కొందరి చేత మెదడు స్కానర్‌లో ఓంకారం పలికించారు, పోలికకు 'స్‌స్‌స్' అనే శబ్దం చేయించారు. ఓంకారం పలికేటప్పుడు, భయాందోళనలతో ముడిపడిన అమిగ్డాలాతో సహా మెదడులోని కొన్ని భాగాల్లో చురుకు తగ్గింది. 'స్‌స్‌స్'కి అలా జరగలేదు. చెవి దగ్గరి కంపనం, మెదడు నుంచి గుండె, పొట్ట దాకా వెళ్ళే వేగస్ నాడిని కదిలించడం వల్ల కావచ్చని వాళ్ళ ఊహ. పాల్గొన్నది 12 మందే. దాన్ని పట్టుకుని 'ఓంకారంతో సర్వరోగాలు మాయం' అని వాట్సాప్‌లో తిప్పే మాటలు దయచేసి నమ్మకండి.

ఊపిరి సంగతీ ఉంది. మంత్రం చెప్పేవాళ్ళ శ్వాస నిమిషానికి ఆరుసార్ల దగ్గరికి దిగుతుందని, గుండె లయకు అది మేలు చేస్తుందని 2001లో ఇటలీ వైద్యుడు బెర్నార్డి బృందం కొలిచి చెప్పింది. రుద్రం మొదటి భాగమైన నమకంలో పొడుగాటి వాక్యాన్ని ఒక్క ఊపిరిలో లాగినప్పుడు నాకది స్పష్టంగా తెలుస్తుంది. పారాయణ అయ్యాక కళ్ళు మూసుకుంటే ధ్యానం తేలిగ్గా కుదురుతుంది.

రుద్రంలో మొదటి అనువాకమైనా (ఒక చిన్న విభాగం) స్వరంతో నేర్చుకుని, ఆ తర్వాత వినండి. వీలైతే గురువు ఎదుటే కూర్చోండి. ఫోన్‌లో విని నేర్చుకుంటే స్వరం ఎక్కడ తప్పిందో చెప్పేవాళ్ళుండరు.