ఏ కార్డు చూపించాలో చెప్పాల్సింది మీరు కాదు

ప్రశ్న: న్యూజెర్సీలో గ్రోసరీ స్టోర్ నడుపుతున్నానండీ, ఆరుగురు పనిచేస్తున్నారు. పది రోజుల కిందట కౌంటర్ దగ్గరకి ఒకబ్బాయిని తీసుకున్నాను. గ్రీన్ కార్డు తెమ్మంటే డ్రైవింగ్ లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ కార్డు పట్టుకొచ్చి ఇవి చాలండీ అంటున్నాడు. నాకేమో అనుమానం. పైగా హడావిడిలో పడి, పనిచేసే హక్కు ఉందో లేదో చూసుకున్నట్టు నింపాల్సిన ఐ-9 ఫారం ఇంకా నింపనే లేదు. చేరిన రోజు తేదీ వేసి ఇప్పుడు నింపేయనా?

జవాబు: ముందు తేదీ సంగతి. పాత తేదీ వేయొద్దు, పొరపాటున కూడా వద్దు. ఆలస్యం అనేది ఒక తప్పు, దొంగ తేదీ అంతకంటే పెద్ద తప్పు. మొదటి సెక్షన్ ఉద్యోగి తన చేత్తో పనిలో చేరిన రోజుకల్లా నింపాలి, రెండో సెక్షన్ మీరు మూడు పనిదినాల్లోపు పూర్తిచేయాలి, అంటే సోమవారం చేరితే గురువారం లోపు. అది దాటిపోయింది కాబట్టి ఇవాళే ఇద్దరూ నింపి ఇవాళ్టి తేదీతోనే సంతకాలు పెట్టండి. పనిలో చేరిన తేదీకి వేరే గడి ఉంది, అక్కడ మాత్రం నిజంగా చేరిన రోజే వేయాలి. ఎందుకు ఆలస్యమైందో ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, సంతకం చేసి ఫారానికి జతచేయండి.

ఇక కార్డుల సంగతి. అబ్బాయి చెప్పిందే రైటు. మన స్టోర్ల వాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, మంచి ఉద్దేశంతోనే పడతారు, అదే బాధ. ఫారంతో వచ్చే జాబితాలు మూడు. లిస్ట్ ఎ లో ఉన్నది ఏదైనా ఒక్కటి చాలు: అమెరికా పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, ఈఏడీ (కొంత గడువు దాకా పనిచేయడానికి ఇచ్చే అనుమతి) కార్డు లాంటివి. లేదంటే మనిషి ఎవరో చెప్పేది లిస్ట్ బి నుంచి ఒకటి, పనిచేసే హక్కు చెప్పేది లిస్ట్ సి నుంచి ఒకటి. లైసెన్సు బి, సోషల్ కార్డు సి. లెక్క సరిపోయింది. వీటిలో ఏది చూపించాలన్నది ఉద్యోగి ఇష్టం. మీరు చేయాల్సింది మొత్తం జాబితా అతని ముందు పెట్టడం, అంతవరకే. మనిషి యాసనో పేరునో బట్టి ఫలానా కార్డే కావాలని పట్టుబడితే అది వివక్ష కిందకి వస్తుంది. నలుగురు, అంతకు మించి ఉద్యోగులున్న ఎవరికైనా ఈ రూలు వర్తిస్తుంది, మీకు ఆరుగురున్నారు. ఇలాంటి ఫిర్యాదులు తీసుకోవడానికి జస్టిస్ డిపార్ట్‌మెంట్‌లో ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది.

అయితే సోషల్ కార్డును అలా చూసి ఇలా ఇచ్చేయకండి, దాని మీద అక్షరాలన్నీ చదవండి. కొన్ని కార్డుల మీద పేరుకి పైన 'వ్యాలిడ్ ఫర్ వర్క్ ఓన్లీ విత్ డీహెచ్ఎస్ ఆథరైజేషన్' (హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుంది) అని ఒక లైన్ ఉంటుంది, వీసా మీద వచ్చిన మనవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది ఇదే. ఆ లైన్ గానీ, 'నాట్ వ్యాలిడ్ ఫర్ ఎంప్లాయ్‌మెంట్' అని గానీ ఉంటే అది లిస్ట్ సి కింద చెల్లదు. అప్పుడు కూడా గ్రీన్ కార్డు తే అనకూడదు, "ఇది చెల్లదు బాబూ, జాబితాలో ఇంకేదైనా ఉంటే తీసుకురా" అనాలి. ఆ లైన్ ఏదీ లేకపోతే తీసుకోండి, టెన్షన్ వద్దు. మీరు ఫోరెన్సిక్ నిపుణులు కారు, కార్డు అసలుదిలా కనిపించాలి, ఆ మనిషిదే అనిపించాలి, చట్టం అడిగేది అంతే. ఒరిజినల్ కార్డులే చూడాలి, వాట్సాప్‌లో పంపిన ఫోటో పనికిరాదు. జిరాక్సులు తీసుకోవడం మీ ఇష్టం, తీసుకుంటే మాత్రం అందరివీ తీసుకోండి, ఒక్కడివే తీసుకుంటే మళ్లీ అదే వివక్ష గొడవ.

నింపిన ఫారం ఎక్కడికీ పంపక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోవాలి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి మూడేళ్లు, మానేసిన రోజు నుంచి ఒక ఏడాది, ఈ రెండిట్లో ఏది తర్వాత వస్తే అప్పటిదాకా. తనిఖీకి వస్తే మామూలుగా మూడు పనిదినాలు ముందు నోటీసు ఇస్తారు. ఆ మూడు రోజుల్లో ఫారాలు వెతుక్కునే కంటే మిగతా ఐదుగురివీ ఈ వారమే ఒకసారి తీసి చూసుకోండి.

ప్రశ్న: మా బావమరిది కొడుకు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఎమ్మెస్ చదువుతున్నాడు. శని, ఆదివారాలు మా గ్యాస్ స్టేషన్‌లో కూర్చుంటానంటున్నాడు. జీతం ఏమీ లేదు, మా ఇంట్లోనే ఉంటాడు, తింటాడు. ఇంటి పిల్లాడు కదా, దీనికి కూడా ఐ-9 ఏమిటండీ?

జవాబు: కావాలి, అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. పనికి బదులుగా ఇచ్చేది డబ్బే కానక్కర్లేదు, భోజనం, వసతి కూడా ప్రతిఫలమే అని రూల్స్‌లో స్పష్టంగా ఉంది. మీరు జీతం లేదనుకుంటున్నారు, కాగితం మీద చూసేవాళ్లకి అది జీతం. పోనీ ఉచిత సాయం అందామా అంటే లాభాల కోసం నడిచే వ్యాపారంలో ఉచితంగా పనిచేయించుకోవడాన్ని కార్మిక చట్టాలు ఒప్పుకోవు. ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో, క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు, బయట చేయాలంటే మామూలుగా సీపీటీయో ఓపీటీయో (చదువుకి సంబంధించిన పని చేయడానికి విద్యార్థులకిచ్చే అనుమతులు) ముందే చేతిలో ఉండాలి. సీపీటీ కూడా చదువుతున్న కోర్సుకి సంబంధించిన పనికే ఇస్తారు, గ్యాస్ స్టేషన్ కౌంటర్‌కి ఇవ్వరు. మీకు పడేది జరిమానా. ఆ పిల్లాడికైతే స్టేటస్సే పోతుంది, రేపు హెచ్-1 అప్లై చేసేటప్పుడు అదే అడ్డం తిరుగుతుంది. బావమరిదికి కోపం వస్తే రానివ్వండి, ఇంట్లో ఉండి చదువుకోమనండి.

ప్రశ్న: మా డేకేర్‌లో చేరిన అమ్మాయి లైసెన్సులో అత్తింటి ఇంటిపేరు ఉంది, సోషల్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు ఉంది. వెనక్కి పంపాలా?

జవాబు: అక్కర్లేదండీ. మన ఇంటిపేర్ల గొడవ అమెరికాలో ఎవరికీ ఒక పట్టాన అర్థం కాదు, మీకు తెలుసు కాబట్టి మీకు సులువు. రెండు కార్డులూ ఆమెవే అని మీకు నమ్మకం కలగాలి. పేరు ఎందుకు తేడాగా ఉందో ఆమెను అడిగి, చెప్పిన కారణం ఒక కాగితం మీద రాసి ఫారంతో పాటు పెట్టండి. ఇంతకుముందు వాడిన ఇంటిపేర్లు రాసే గడి మొదటి సెక్షన్‌లో ఉంది, పుట్టింటి పేరు అందులో రాయించండి. ఒకే పేరున్నవాళ్లు వస్తే ఆ పేరు లాస్ట్ నేమ్ గడిలో రాసి, ఫస్ట్ నేమ్ గడిలో 'అన్‌నోన్' అని రాయాలి.

ప్రశ్న: మా ఉద్యోగి గ్రీన్ కార్డు వచ్చే నెల ఎక్స్‌పైర్ అవుతుంది. కొత్తది చూపించమనాలా?

జవాబు: అడక్కూడదు. చేరేటప్పుడు చెల్లే గ్రీన్ కార్డు చూపించాడు, అక్కడితో అయిపోయింది, కార్డు గడువు తీరినంత మాత్రాన హక్కు పోదు. ఈఏడీ అయితే అలా కాదు, గడువు తేదీ లోపు కాగితాలు మళ్లీ చూసి, ఐ-9 లో అందుకోసమే ఉన్న సప్లిమెంట్ బి పేజీ నింపాలి, అప్పుడు కూడా జాబితా ఎ లేదా సి నుంచి అతను ఏది తెస్తే అది. ఆ గడువు తేదీలు ఫోన్ క్యాలెండర్‌లో మూడు నెలలు ముందుగానే పెట్టుకుని, అతనికి కూడా గుర్తు చేయండి.