బంగారు వీధి గురించి ఒక యువ రచయితకు

ప్రియ సోదరునికి,

ప్రభువు పేరట వందనాలు. మీరు పంపిన వ్యాసం ఆసాంతం చదివాను. మీ వాక్యం శుభ్రంగా ఉంది, చదివిస్తుంది. మూడో భాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు కోపం వచ్చింది. ఆ కోపమే ఈ లేఖ రాయిస్తోంది. బైబిలు చివరి పుస్తకం, యోహాను తన దర్శనాలు రాసిన ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో పరలోకం నుంచి దిగివచ్చే పట్టణమైన నూతన యెరూషలేము కొలతను మీరు కిలోమీటర్లలోకి మార్చి, పొడవును వెడల్పుతోనూ ఎత్తుతోనూ గుణించి, వచ్చిన దాన్ని అంతస్తులుగా విడగొట్టి, రక్షణ పొందినవారికి తలా ఎంత చోటు దక్కుతుందో లెక్క తేల్చారు. అది చదువుతున్నంతసేపూ, ఇంత ప్రేమతో గ్రంథం చదివిన మనిషి ఆ పుటలో యోహాను చెప్తున్నది వినడం ఎందుకు మానేశాడా అని బాధపడ్డాను.

మూలంలోని 12,000 స్తాదియలు (స్తాదియ గ్రీకువారి దూరపు కొలత) దాదాపు 2,200 కిలోమీటర్లు. అంత ఎత్తున్న పట్టణానికి ప్రాకారం కొలత 144 మూరలు, అంటే సుమారు 65 మీటర్లు. ఇంజనీరులా కొలిస్తే ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి నిలవవు. పన్నెండు గోత్రాలు, పన్నెండుమంది అపొస్తలులు, పన్నెండు గుమ్మాలు, పన్నెండు పునాదులు, చివరికి పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు అని వింటూ వచ్చిన చెవికి ఆ ఇబ్బందే ఉండదు. ఇక పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా ఉన్నాయన్న మాట వినగానే లేఖనాలు ఎరిగిన శ్రోతకు గుర్తుకు రావలసినది సొలొమోను మందిరంలోని గర్భాలయం. రాజుల మొదటి గ్రంథం ఆరో అధ్యాయంలో దాని పొడవు ఇరవై మూరలు, వెడల్పు ఇరవై, ఎత్తు ఇరవై. ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏటా ప్రాయశ్చిత్త దినాన, రక్తం చేతపట్టుకొని భయంతో అడుగుపెట్టిన చోటు అది. యోహాను దర్శనంలో ఆ చిన్న గది ఒక పట్టణమంత అయింది. అందుకే ఆ పట్టణంలో తనకు ఏ దేవాలయమూ కనబడలేదని ఆయన రాశాడు. పట్టణమంతా గర్భాలయమే అయినప్పుడు దానిలో వేరే ఆలయానికి చోటెక్కడిది?

ఇప్పుడు ఆ పట్టణపు బంగారు వీధి సంగతి. ఈ లోకంలో పేదరికం అనుభవించిన భక్తునికి అక్కడ అందే ప్రతిఫలమే ఆ బంగారం అని మీరు రాశారు. రాజుల మొదటి గ్రంథం అదే ఆరో అధ్యాయంలో ఇంకొంచెం కిందికి చదవండి: సొలొమోను మందిరపు నేలను లోపలా బయటా బంగారంతో పొదిగించాడు. యాజకుని పాదాలు తప్ప మరొకరివి మోపకూడని ఆ నేల ఇప్పుడు అందరూ నడిచే వీధి అయింది. ఆ పట్టణవాసుల నొసళ్ళ మీద దేవుని నామం ఉంటుందని ప్రకటన 22వ అధ్యాయం చెప్తుంది. నిర్గమకాండంలో ప్రధాన యాజకుని నొసట కట్టిన బంగారు రేకును తలచుకుంటే, అక్కడ నడిచే ప్రతి మనిషీ ఎవరి హోదాలో నడుస్తున్నాడో తెలుస్తుంది. ఇంకొక వైపు నుంచి కూడా చూడండి. ప్రకటన 17వ అధ్యాయంలో బబులోను మహాపట్టణానికి రూపమైన స్త్రీ బంగారం, రత్నాలు, ముత్యాలు ధరించి కూర్చుంటుంది. 18వ అధ్యాయంలో ఆ పట్టణపు వర్తకుల సరకుల జాబితా బంగారంతో మొదలై, వెండి, రత్నాలు, ముత్యాలు మీదుగా సాగి, మనుష్యుల ప్రాణాల దగ్గర ముగుస్తుంది. మనుషులను అమ్మి కొన్న ఆ బంగారమే కొత్త పట్టణంలో కాళ్ళ కింద పరచబడి ఉంది, ఆ ముత్యమే గుమ్మమై తెరుచుకొని ఉంది. దీన్ని మీరు ప్రతిఫలమని రాస్తే, బబులోను కోరికనే పరలోకానికి మోసుకెళ్ళినట్టవుతుంది. ఈ విషయంలో నేను రాజీపడలేను, నన్ను మన్నించండి.

పరలోకపు ప్రతి బొమ్మా దర్శనంలోకి ఒక పాత వాకిలి గుండా వచ్చింది. ఆ వాకిలి తెలియకుండా దానికి అర్థం చెప్పకూడదు. నేను రచన మొదలుపెట్టిన కాలంలో వ్యాఖ్యాన గ్రంథాలు కొనే శక్తి నాకు లేదు. అట్ట ఊడిపోయిన ఒక బైబిలు, ఒక గీతల నోటుపుస్తకం ఉండేవి. ఎడమ పేజీలో యోహాను మాట ఒకటి రాసుకొని, కుడి పేజీలో దానికి ముందున్న ప్రవక్త మాటను వెతికి రాసేవాణ్ణి. పేరుపేరునా గోత్రాలు రాసిన పన్నెండు గుమ్మాలు యెహెజ్కేలు 48లో, రత్నాల పునాదులు యెషయా 54లో, మూయబడని ద్వారాలు యెషయా 60లో, మరణాన్ని మింగివేసి ముఖాల మీది కన్నీళ్ళు తుడిచే దేవుడు యెషయా 25లో దొరికారు. 21వ అధ్యాయానికి వచ్చేసరికి కుడి పేజీలో చోటు చాలక అంచుల్లో రాయవలసి వచ్చింది. ఆ నోటుపుస్తకంలోంచి తీసిన తొలి వ్యాసాన్ని ఒక పత్రికకు పంపితే, సంపాదకుడు ప్రవక్తల ఉల్లేఖనాలన్నీ కొట్టేసి, బంగారం అంటే పవిత్రత, ముత్యం అంటే శ్రమ, నీలం అంటే ఆకాశం అని ఒక పట్టిక వేయించి, దాని కింద నా పేరు అచ్చువేశాడు. పాఠకులకు తేలికగా ఉండాలన్నది ఆయన వాదన. ఆ పట్టికల అలవాటు ఇప్పటికీ పోలేదు. మీ వ్యాసం రెండో భాగంలోనూ ఒకటి ఉంది, దాన్ని తీసివేయండి.

యోహానే విప్పి చెప్పిన చోట మన వివరణ అక్కరలేదు. ధూపద్రవ్యాలు పరిశుద్ధుల ప్రార్థనలు అంటాడు, సన్నపు నారబట్టలు పరిశుద్ధుల నీతిక్రియలు అంటాడు, అక్కడితో ఆగండి. ఆయన విప్పని చోట ఆయన విన్నదానినీ చూసినదానినీ పక్కపక్కన పెట్టండి. 5వ అధ్యాయంలో యూదా గోత్రపు సింహమని విని, చూసేసరికి వధింపబడినట్టున్న గొఱ్ఱెపిల్ల. 7వ అధ్యాయంలో లక్షా నలభై నాలుగు వేలమంది అని విని, చూసేసరికి ఎవరూ లెక్కించలేని జనసమూహం. 21లో పెండ్లికుమార్తెను చూపిస్తానని దూత చెప్పి, పరలోకం నుంచి దిగివస్తున్న పట్టణాన్ని చూపించాడు. ఆ పట్టణం ఒక జనం, సోదరా. మీరు తలా ఇంత చోటు అని పంచిపెట్టిన ఆ కట్టడం, అందులో నివసించే ఆ మనుషులే. గుమ్మాల మీదా పునాదుల మీదా మనుషుల పేర్లు ఎందుకున్నాయో ఇప్పుడు ఆలోచించండి. ఫిలదెల్ఫియ సంఘంలో జయించినవానిని దేవుని ఆలయంలో స్తంభంగా చేస్తానన్న 3వ అధ్యాయపు వాగ్దానాన్నీ, ఆలయమే లేదన్న 21వ అధ్యాయాన్నీ కలిపి చదివే దారి కూడా ఇక్కడే దొరుకుతుంది.

ప్రతీకగా చదివితే అవిశ్వాసం అవుతుందేమో అని మీరు భయపడ్డారు. మూడో శతాబ్దంలో అలెక్సంద్రియ బిషప్ దియొనీసియు ఈ గ్రంథాన్ని అక్షరార్థంగా పట్టుకున్న సంఘాల మధ్య కూర్చొని ఓపికగా చర్చించాడు. గ్రంథాన్ని తోసివేయడానికి తనకు ధైర్యం చాలదని, దాని అర్థం తన బుద్ధికి మించినదని ఒప్పుకున్నాడు. ఆ మాటలను చరిత్రకారుడు యూసేబియు భద్రపరిచాడు. మార్టిన్ లూథర్ 1522లో ఈ గ్రంథానికి రాసిన ముందుమాటలో ఎంతో చిరాకు చూపి, 1530లో దాన్ని మార్చి రాశాడు. వారెవరూ అవిశ్వాసులు కారు. 21వ అధ్యాయం మొదట్లో సముద్రం ఇక లేదన్న మాట మీకు నీళ్ళ సంగతిగా తోస్తే, దానియేలు 7లో మృగాలు ఎక్కడి నుంచి లేచాయో, ప్రకటన 13లో మృగం ఎక్కడి నుంచి పైకి వచ్చిందో చూడండి. మృగాలను కన్న ఆ లోతు ఇక ఉండదన్నది ఒక సముద్రం ఎండిపోవడం కంటే ఎన్నో రెట్లు గట్టి నిజం.

మీ అమ్మగారి చివరి రోజుల్లో కన్నీళ్ళు తుడిచే వచనాన్ని ఆమె మీ చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారని రాసిన పేరా చదివి చాలాసేపు కదలలేకపోయాను. అందులో ఒక్క అక్షరం మార్చకండి.

చివరి భాగంలో, పరలోకం చూసి తిరిగివచ్చానని చెప్పుకున్న ఒకరి పుస్తకాన్ని సాక్ష్యంగా తెచ్చారు. ఇది ఈ కాలపు మోజు. ఇలాంటి పుస్తకాలు వెంటవెంటనే అచ్చవుతుంటే, ప్రవక్తల మీద శ్రమపడి రాసినవారి రాతప్రతులు ప్రచురణకర్తల బల్లల మీద మూలుగుతున్నాయి. మూడో ఆకాశానికి కొనిపోబడిన మనిషిని గురించి పౌలు పద్నాలుగేళ్ళ తర్వాత కొరింథీయులకు రాస్తూ, వినబడిన మాటలు మనుష్యుడు పలుకకూడనివని చెప్పి ఊరుకున్నాడు. నాలుగు రోజులు సమాధిలో ఉండి లేచిన లాజరు నోట ఒక్క మాటనైనా యోహాను సువార్త మనకు వినిపించదు. వారు మౌనం వహించిన చోట గదుల రంగులూ గోడల నగిషీలూ చెప్పే పుస్తకాన్ని మీ వ్యాసంలోకి రానివ్వకండి.

తిరగరాసే ముందు యెహెజ్కేలు 40 నుంచి 48 వరకు గొంతెత్తి చదవండి. ఈ గ్రంథాన్ని చదివేవాడూ వినేవారూ ధన్యులని యోహాను మొదట్లోనే చెప్పాడు కనుక, దానికి మూలమైనవాటిని కూడా చెవితోనే పట్టుకోవాలి. తొలి అధ్యాయాల్లోని కొలతలు విసుగు పుట్టిస్తాయి, అయినా దాటవేయవద్దు. 47లో మందిరపు గడప కింది నుంచి నీళ్ళు ఉబికి చీలమండల దాకా, మోకాళ్ళ దాకా, నడుము దాకా పెరిగి, ఒడ్డున వాడని ఆకుల చెట్లు కనిపిస్తాయి. అదే నది యోహాను దగ్గర గడప కింది నుంచి కాక దేవునియొక్కయు గొఱ్ఱెపిల్లయొక్కయు సింహాసనం నుంచి ఎందుకు బయలుదేరిందో మూడో భాగంలో మీ మాటల్లో రాసి, ఆ భాగం ఒక్కటే ముందుగా నాకు పంపండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి