పాప కలుపుమందు టెస్టింగ్ ల్యాబ్‌లో చేరతానంటోంది, పంపించొచ్చా?

బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట ఉన్న ఒక తండ్రి అడిగారు: మా పాప తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్, ఎమ్మెస్సీ చేసి తిండిలో, నీళ్లలో కలుపుమందు ఎంత మిగిలిందో చూసే ల్యాబ్‌లో పనిచేస్తానంటోంది, చుట్టాలేమో బీఈడీ చేయించమంటా ఉండారు, ల్యాబ్ అంటే సీసాలు కడుక్కోవడమే కదా సార్?

అన్నా, సీసాలు కడిగేది కూడా ఉంటుంది, అబద్ధం చెప్పను. కానీ మన చిత్తూరు తోతాపురి గుజ్జు గల్ఫ్‌కీ యూరప్‌కీ పోతుంది, కొనే పార్టీ రెసిడ్యూ రిపోర్ట్, అంటే సరుకులో మందు ఎంత మిగిలిందో చెప్పే కాయితం, అడుగుతుంది, ఆ రిపోర్ట్ ఇచ్చేది ఇలాంటి పిల్లలే. ఫలానా పంటకి ఫలానా మందుకి విడిగా లిమిట్ పెట్టకపోతే యూరప్‌లోనూ మన దేశంలో తిండి నాణ్యత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐలోనూ మామూలుగా కిలోకి 0.01 మిల్లీగ్రామే. తాగే నీళ్లకైతే ఐఎస్ 10500 అనే మన దేశ ప్రమాణం ప్రకారం అట్రాజిన్ అనే కలుపుమందు లీటరుకి 2 మైక్రోగ్రాములు దాటకూడదు, అంటే మీ ఇంటిమీద వెయ్యి లీటర్ల ట్యాంకు మొత్తంలో 2 మిల్లీగ్రాములు. అంత తక్కువని పట్టుకోవాలంటే చేతిలో పనితనం ఉండాల్సిందే.

పని ఎలా ఉంటుందంటే, పండో కూరగాయో మెత్తగా చేసి 10 గ్రాములు తూచి, 10 ఎంఎల్ అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్ (మందుని కరిగించి లాగే ద్రవం) పోసి, మెగ్నీషియం సల్ఫేటూ ఉప్పూ వేసి బాగా ఊపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవం తీసి క్లీన్ చేసి ఎల్‌సీ-ఎంఎస్‌కో జీసీ-ఎంఎస్‌కో ఎక్కిస్తారు, ఇవి మందుల్ని విడదీసి ఏది ఎంతుందో చెప్పే మిషన్లు, ఎల్‌సీ ద్రవంతో, జీసీ ఆవిరి చేసి నడుస్తాయి. దీన్ని క్వెచర్స్ అంటారు, 2003లో వచ్చిన పద్ధతి, ఒక్క దెబ్బకి వందల మందులు చూడొచ్చు. నీళ్లయితే కాట్రిడ్జ్ అనే, మందుని పట్టుకునే పొడి నింపిన చిన్న గొట్టం గుండా పోనిచ్చి మందుని అందులో ఆపి, తర్వాత కొంచెం సాల్వెంట్‌తో దించుతారు.

అయితే మీ తోటల్లో ఎక్కువమందికి తెలిసిన గ్లైఫోసేట్ అనే కలుపుమందు ఉంది చూశారా, అది ఈ దారిలో దొరకదు. నీళ్లలో కరిగినంత బాగా అసిటోనైట్రైల్‌లో కరగదు, ఆవిరి కాదు కాబట్టి నేరుగా జీసీకి పనికిరాదు, గాజుకి అంటుకుంటుందని ప్లాస్టిక్ వయల్స్ వాడతారు. దానికి యాసిడ్ కలిపిన మెథనాల్‌తో వేరే ఎక్స్‌ట్రాక్షన్, లేకపోతే ఎఫ్‌మాక్ అనే రసాయనం తగిలించి చూడ్డం. కలుపుమందులేవీ లేవు అని రిపోర్ట్ చూసి సంతోషపడేవాళ్లు అసలు గ్లైఫోసేట్ టెస్ట్ చేశారా లేదా అని అడగరు, అదీ మన తంటా! పాప ఇంటర్వ్యూలో ఈ తేడా ఎందుకో వివరించగలిగితే సగం పని అయిపోయినట్టే, మిషన్ బటన్లు నొక్కడం నెలలో ఎవరైనా నేర్చుకుంటారు.

ఎమ్మెస్సీ సీటుకి ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ), పద్మావతి మహిళా యూనివర్సిటీ రెండూ ఇంటి దగ్గరే, ధైర్యముంటే ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పెట్టే జామ్ పరీక్ష కూడా రాయమనండి. స్పెషలైజేషన్ పేరు కోసం కొట్టుకోవద్దు, ప్రాజెక్ట్ మాత్రం రెసిడ్యూ ల్యాబ్‌లో చేసేలా చూసుకోవాలి, ఆర్నెల్లు నిజం శాంపిల్స్ పట్టిన పిల్లకీ థియరీ పిల్లకీ చాలా తేడా. ఎమ్మెస్సీ తర్వాత ఫుడ్ అనాలిసిస్‌లో మూడేళ్ల అనుభవం ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఫుడ్ అనలిస్ట్ పరీక్ష రాయొచ్చు, అది పాసైతే సంతకానికి విలువ వస్తుంది. ఫీజు కట్టించుకుని వారంలో హెచ్‌పీఎల్‌సీ (ఎల్‌సీ లాంటి మిషనే) నేర్పిస్తాం అనే సెంటర్ల జోలికి మాత్రం పోవద్దు, చాలాచోట్ల మిషన్ దూరం నుంచి చూపించి సర్టిఫికెట్ ఇస్తారు.

మొదట్లో జీతం తక్కువే అన్నా, ప్రైవేట్ ల్యాబులు ఎక్కువ చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లోనే, కాబట్టి అసలు తేల్చుకోవాల్సింది మీరు, పాపని హాస్టల్‌లో పెట్టి రెండు మూడేళ్లు బయట ఊర్లో పని చేయనిస్తారా లేదా అని. చేయనిస్తానంటే బీఈడీ మాట ఇప్పటికి పక్కన పెట్టండి, పీజీసెట్ నోటిఫికేషన్ వచ్చిన రోజే అప్లై చేయించండి.